ఆకాశమునకు ఆవలి గట్టు ఉన్నదా?

(శతవత్సర మహోత్సవముల సందర్భముగా చందర్లపాడులో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి పండుగలలో సంఘము నడచివచ్చిన త్రోవను గూర్చి మాట్లాడుట ఆనవాయితీ. మేము కోరి తీసికొన్న అంశము మాత్రము వేరు. విశ్వము అనంతమైనదా? విశ్వము ఒక్కటేనా, అనేకములా? నూరేండ్ల పండుగలో వందల కోట్ల యేండ్ల సంగతి ఎందుకని కొందరికి తోచవచ్చును. దానికి ఒక కారణమున్నది. అది మా తప్పిదముతో కూడిన కారణము గనుక ముందుగా దానినే చెప్పుకొని, తరువాత విషయములోనికి వచ్చెదము.

చాలా యేండ్ల క్రిందట, వేసవి సెలవులలో, మేము పిల్లలకు సృష్టిని గూర్చి పాఠము చెప్పుతున్నాము. పదేండ్ల ఆడపిల్ల ఒకతె లేచి, "మాస్టారూ, ఆకాశము ఎక్కడ అయిపోతుంది?" అని అడిగినది. "అయిపోయినచోట గోడ ఉంటే, ఆ గోడ వెనుక ఏముంది?" అని మరల అడిగినది. తక్కిన పిల్లలు నవ్వినారు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "అట్టి ప్రశ్నలు అడుగరాదు, కూర్చో" అని గద్దించినాము. పిల్ల కూర్చున్నది. ఆ వేసవి అంతయు మరల నోరు తెరువలేదు. కొన్నేండ్లకు భౌతికశాస్త్రములో పట్టా పుచ్చుకొని, పెండ్లి పిలుపునకు మా యింటికి వచ్చినప్పుడు, నవ్వుతూనే ఒక మాట అన్నది: "ఆ రోజు మీకు తెలియదని చెప్పి ఉంటే నాకు ఎంతో బాగుండేది మాస్టారూ. అడగటమే పాపమేమోనని చాలా కాలము భయపడ్డాను."

ఆ మాట మమ్మును విడువలేదు. ఇప్పుడు చెప్పబోవునది ఆ బిడ్డకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

ఈ ప్రశ్న క్రొత్తదేమీ కాదు. మన జగ్గయ్యపేట ప్రక్కనే బౌద్ధ స్తూపము శిథిలములు ఉన్నవి. 1882లో బర్జెస్ దొర అక్కడ త్రవ్వించి శిల్పములను వెలికి తీసినాడు. నదికి ఆవలి గట్టున అమరావతి స్తూపము ఉండనే ఉన్నది. ఆ స్తూపములు ఎవరి పేర వెలసినవో ఆ బుద్ధుని కూడ శిష్యులు ఇదే అడిగినారు: లోకమునకు అంతమున్నదా, లేదా? ఆయన దానికి జవాబియ్యక ఊరకున్నాడని బౌద్ధ గ్రంథములు చెప్పుతున్నవి. మన తెలుగు ఇండ్లలో "అనంతకోటి బ్రహ్మాండములు" అన్న మాట తెలియనివారు లేరు. లోకములు అనేకములన్న తలంపు మన చెవులకు పాతదే.

క్రైస్తవ సంఘములో కూడ ఇది పాత తగవే. లోకము ఒక్కటే ఉండగలదనియు, రెండవది అసాధ్యమనియు అరిస్టాటిల్ బోధించినాడు. పారిస్ విద్యాపీఠములో కొందరు దానిని పట్టుకొని, దేవుడు సైతము పెక్కు లోకములను చేయజాలడని వాదించినారు. 1277 మార్చి 7న పారిస్ బిషప్ తాంపియే 219 వాదములను ఖండించినాడు; వానిలో ఇదియు ఒకటి. పెక్కు లోకములున్నవని ఆయన చెప్పలేదు. దేవుడు చేయలేడని మనిషి హద్దు గీయరాదని మాత్రమే చెప్పినాడు. 1440లో కూసా నికొలస్, తరువాత కార్డినల్ అయినవాడు, విశ్వమునకు నడిబొడ్డు గాని అంచు గాని లేదని వ్రాసినాడు. తనకు తెలియదని ఎరిగి ఉండుటయు ఒక విద్యయే అన్నది ఆయన గ్రంథమునకు పేరు. మరొక వైపు, 1600 ఫిబ్రవరి 17న రోమునగరములో జోర్డానో బ్రూనోను సజీవముగా దహించినారు. ఆయన మీద మోపిన నేరములలో మతసంబంధమైనవి అనేకములున్నవి. లోకములు అసంఖ్యాకములన్న బోధయు వానిలో ఉన్నది. ఈ కథలో బిషప్ తాంపియే మనవాడే, బ్రూనోను కాల్చినవారును మనవారే. ఒక దానిని చెప్పి మరొక దానిని దాచిపెట్టుట న్యాయము కాదు.

ఇక విషయమునకు వచ్చెదము. ముందుగా మనకు కనబడునది ఎంతో తెలిసికొందము.

వెలుతురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అయినను సూర్యుని వెలుతురు మన పొలములకు చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. సూర్యుడు కాక మనకు దగ్గరి నక్షత్రము వెలుతురుకు 4 సంవత్సరములకు పైగా పట్టును. ఆండ్రోమెడా అను నక్షత్రమండలము వెలుతురు 25 లక్షల సంవత్సరముల క్రిందట బయలుదేరినది. దూరదేశమునుండి కుమారుడు వ్రాసిన ఉత్తరము ఇల్లు చేరునప్పటికి, అది వ్రాసిననాటి క్షేమమునే చెప్పును గాని నేటి క్షేమమును కాదు. ఆకాశము అట్టి ఉత్తరములతో నిండి ఉన్నది. దూరము చూచుట అనగా గతము చూచుట.

ఈ ఉత్తరములను చదువుట నేర్చుకొన్న చరిత్రలో మన ప్రాంతమునకు చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినది. దాని నీడ బిజాపూరు మీదుగా వచ్చి మన గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సముద్రములోనికి పోయినది. కృష్ణ కిరుగట్లను కప్పిన నీడ అది. మన చందర్లపాడు పొలములు కూడ ఆ దారిలోనే ఉన్నవి. ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో మకాము చేసి చూచినాడు. మేజరు టెనెంట్ బృందమును గుంటూరులోనే ఉన్నది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్టణములో చూచినాడు. అక్కడ ఐదు నిమిషములకు పైగా పట్టపగలు చీకటి. సూర్యుని అంచున లేచిన జ్వాలల వెలుతురును పట్టకముతో విడదీసి చూడగా, ప్రకాశించు గీతలు కనబడినవి. వానిలో ఒక పసుపుపచ్చ గీతను మొదట సోడియమునకు సంబంధించినదనుకొన్నారు. ఆ యేడే ఇంగ్లండులో లాక్యర్ ఆ గీతను పరిశీలించి, అది సోడియముది కాదని తేల్చినాడు. భూమి మీద ఎవరును ఎరుగని ఆ పదార్థమునకు సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియము అని పేరు వచ్చినది. 1895లో రామ్సే దానిని భూమి మీద కనుగొన్నాడు.

గుంటూరు గ్రహణమునకును విశ్వము అంతమునకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. సంబంధము ఉన్నది. కొంచెము ఓర్చుకొనవలెను.

1920వ దశకములో హబుల్ అనువాడు ఆండ్రోమెడా మన పాలపుంతలోనిది కాదనియు, దానికి ఆవల మరొక నక్షత్రరాశియనియు నిరూపించినాడు. 1927లో బెల్జియము దేశపు లెమేత్ర్ నక్షత్రమండలములు ఒకదానినుండి ఒకటి ఎడమగుచున్నవని లెక్క కట్టి చెప్పినాడు. 1929లో హబుల్ కొలతలు దానిని బలపరచినవి. పులిసి పొంగే పిండిలో జీలకర్ర గింజలను తలంచుకొనండి. గింజ తనంతట తాను నడువదు. పిండి పొంగుట చేత గింజకు గింజకు ఎడము పెరుగును. ఏ గింజ మీద కూర్చుండి చూచినను తక్కినవన్నియు దూరముగా పోవునట్లే కనబడును. నడిబొడ్డు ఫలాని గింజ అని చెప్పుటకు వీలు లేదు.

నేడు ఎడమగుచున్నవి ఒకనాడు దగ్గరగా ఉండవలెను, మిక్కిలి వేడిగాను ఉండవలెను. ఆ వేడిలో, మొదటి కొద్ది నిమిషములలోనే, పదార్థములో బరువునుబట్టి సుమారు నాలుగవ వంతు హీలియముగా మారవలెనని లెక్క చెప్పుచున్నది. పాత వాయుమేఘములలో కొలిచి చూడగా దాదాపు అంతే ఉన్నది. గుంటూరు ఆకాశమున కనబడిన పసుపు గీత ఈ విధముగా విశ్వము బాల్యమునకు సాక్షి అయినది. రెండవ సాక్షి 1964లో దొరికినది. అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనువారు ఆకాశమున ఎటు త్రిప్పినను వదలని ఒక సన్నని రొదను తమ ఆంటెనాలో విన్నారు. అది తొలినాటి వేడి చల్లారగా మిగిలిన వెలుతురు. నేడు దాని వేడిమి సున్నకు దిగువ 270 డిగ్రీలు. ప్రసారము లేనప్పుడు పాత టీవీలలో గలగలలాడిన చుక్కలలో ఒక చిన్న పాలు దానిదే. ఈ కొలతలన్నిటిని కలిపి, మనకు తెలిసిన విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని తేల్చినారు.

రాత్రి ఎందుకు చీకటిగా ఉండును అన్న ప్రశ్న కూడ ఇక్కడనే విడిపోవును. నక్షత్రములు అంతులేకుండ ఉండి, అనాదినుండి అట్లే వెలుగుచుండినయెడల, ఎటు చూచినను చూపు ఏదో ఒక నక్షత్రమునకు తగులవలెను; రాత్రి పగలువలె మండిపోవలెను. 19వ శతాబ్దములో ఓల్బర్స్ అను జర్మను వైద్యుడు ఈ చిక్కును గూర్చి వ్రాసినాడు. మన చేలగట్టు మీద అమావాస్య చీకటి ఉన్నదనగా, ఆ రెండు మాటలలో ఒకటైనను నిజము కాదు. విశ్వమునకు వయస్సున్నది గనుక, మిక్కిలి దూరపు వెలుతురు మనకింకను చేరలేదు. అనంతము కాదని మాత్రము దీనివలన తేలదు.

కనుక మన చూపునకు ఒక హద్దున్నది. విశ్వము పెరుగుటను కూడ లెక్కలోనికి తీసికొనగా, ఆ హద్దు ఇప్పుడు అన్ని వైపుల సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది. గుడిమెట్ల దగ్గర కృష్ణ ఒడ్డున నిలిచి ఎగువకు చూడండి. నది వంపు తిరిగినచోట చూపు ఆగిపోవును. నది అక్కడ పుట్టినదని పడవ నడిపే ఏ అన్నయు అనడు. చూపు ఆగినచోట నది ఆగలేదు. చూపు ఆగినచోట విశ్వము ఆగినదని చెప్పుటకును ఆధారము లేదు. ఆ చిన్నపిల్ల అడిగిన గోడ ఉన్నదని ఏ శాస్త్రజ్ఞుడును చెప్పుట లేదు.

గోడ లేకుంటే అనంతమేనా? అదియు కాదు. కుండ మీద ప్రాకే చీమకు అంచు తగులదు. అయినను కుండ ఇంతే అని మనము కొలువగలము. 1917లో ఐన్‌స్టీన్ విశ్వము ఇట్లు అంచు లేక పరిమితమై ఉండవచ్చునని ప్రతిపాదించినాడు. అట్టి వంపు ఉన్నదేమోనని 2009లో ఎగురవేసిన ప్లాంక్ ఉపగ్రహము తొలినాటి వెలుతురును పటము గీసి చూచినది. నూటికి ఒక వంతు కంటె తక్కువ తేడాతో విశ్వము చదునుగానే కనబడినది. చదునైన విశ్వము అనంతమైనదే కావచ్చును. కాని మన చెరువు నీరు కూడ చదునుగానే కనబడును; భూమి మాత్రము గుండ్రనిది. చెరువు చిన్నది గనుక వంపు తెలియలేదు. కనబడు విశ్వము కూడ అట్టి చెరువువంటిదే కావచ్చును. మరియు అనంతమును కొలబద్దతో నిరూపించుట ఎవరికిని సాధ్యము కాదు. ఎంత కొలిచినను, కొలిచినది పరిమితమే.

ఇక అనేక విశ్వముల మాట. ఈ ఒక్క పేరుతో మూడు వేరువేరు సంగతులు చెప్పుతున్నారు. వానిని కలిపివేయుట వలన గందరగోళము కలుగుచున్నది.

మొదటిది, మన హద్దునకు ఆవల ఇదే విశ్వము యొక్క మిగిలిన భాగము. అది ఉన్నదని దాదాపు అందరు ఒప్పుకొందురు. అది అనంతమై, అంతటను పదార్థము ఇట్లే పరచుకొని ఉన్నయెడల, అణువుల అమరికలు లెక్కకు లోబడినవి గనుక, ఎక్కడనో ఇవే అమరికలు మరల వచ్చును. అక్కడ మరొక చందర్లపాడు, మరొక పందిరి, మరొక ప్రసంగము ఉండవచ్చునన్నమాట.

రెండవది, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నములో లేచే బుడగలవంటి విశ్వములు. తొలి క్షణములో విశ్వము విపరీతమైన వేగముతో ఉబ్బినదని 1981లో అలన్ గూథ్ ప్రతిపాదించినాడు. ఆ ఉబ్బుట అన్నిచోట్ల ఒకేసారి ఆగదనియు, ఒక్కొక్కచోట ఆగినప్పుడెల్ల ఒక్కొక్క విశ్వమేర్పడుననియు విలెంకిన్, లిండే అనువారు చెప్పినారు. ఒక్కొక్క బుడగలో ప్రకృతి ధర్మముల విలువలు ఒక్కొక్క విధముగా ఉండవచ్చుననియు కొందరందురు. కుమ్మరి ఆవములో వేల కుండలు కాలినప్పుడు, ఒక్కటి నీరు నిలుపుటకు సరిగ్గా కుదిరినదని ఆశ్చర్యపడనక్కరలేదు. మన విశ్వము జీవమునకు కుదురుట కూడ అట్టిదేనని వారి వాదము. 1987లో వైన్‌బర్గ్ ఈ త్రోవన నడిచి, శూన్యములోని శక్తి ఎంత వరకు ఉండవచ్చునో లెక్క వేసినాడు. 1998లో విశ్వము పెరుగుదల వేగమందుకొనుచున్నదని కనుగొన్నప్పుడు ఆ శక్తి నిజముగనే అట్లు చాల కొంచెముగా ఉన్నట్లు తేలినది. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు.

మూడవది, 1957లో ఎవరెట్ చెప్పినది. అణువుల లోకములో జరుగగల సంగతులన్నియు వేరువేరు శాఖలుగా జరుగుచునే ఉన్నవని ఆయన వివరణ.

ఈ మూటిలో దేనికిని నేటివరకు ప్రత్యక్షమైన సాక్ష్యము లేదు. రెండు బుడగలు ఒకదానికొకటి రాచుకొనినయెడల తొలి వెలుతురు మీద గుండ్రని మచ్చ మిగులవచ్చునని 2011లో కొందరు ఆ పటములను వెదకినారు. నిశ్చయమైన గుర్తు దొరకలేదు. దొరకలేదు గనుక లేవని చెప్పరాదు; లెక్కలు అందముగా ఉన్నవి గనుక ఉన్నవని చెప్పరాదు.

ఇక్కడ మన సంఘములో జరుగు రెండు పొరబాట్లను గూర్చి చెప్పవలెను. ఒకటి భయము. ఇంకొకటి తొందరపాటు. విశ్వము అనంతమైతే దేవునికి చోటేది అని భయపడి పిల్లల నోరు మూయుట మొదటిది. అది మేము చేసినది. విశ్వమునకు ఆరంభమున్నదని వినగానే, చూచితిరా, ఆదికాండము రుజువైనదని చప్పట్లు కొట్టుట రెండవది. 1951లో పోపు పన్నెండవ భక్తినాథుడు (పయస్) తన ప్రసంగములో విశ్వారంభ సిద్ధాంతమును సృష్టికి సాక్ష్యమన్నట్లు మాట్లాడినప్పుడు, ఎక్కువగా నొచ్చుకొన్నవాడు ఆ సిద్ధాంతమును పుట్టించిన లెమేత్రే. ఆయన క్రైస్తవ గురువే. విశ్వాసమును నేటి సిద్ధాంతమునకు కట్టివేసినయెడల, రేపు సిద్ధాంతము మారినప్పుడు విశ్వాసము కూడ కొట్టుకొనిపోవునని ఆయనకు తెలియును.

అట్లే, హెబ్రీ పత్రిక తెలుగు తర్జుమాలో "ప్రపంచములు" అని బహువచనమున్నది గనుక అనేక విశ్వములు వేదములో ముందే ఉన్నవని చెప్పు బోధకులను మేము విన్నాము. ఆ గ్రీకు మాటకు యుగములన్న అర్థము కూడ ఉన్నది. ఒక బహువచనమును పట్టుకొని ఆకాశమును కొలువరాదు.

మరొక భయము ఉన్నది, అది లోతైనది. ఇన్ని కోట్ల లోకములలో, మనవంటివారే మరల మరల ఉన్నయెడల, ఒక చిన్నబిడ్డ విలువ ఏపాటిది? ఈ ప్రశ్నను మేము తేలికగా తీసికొనము. ఐతే మన ఇండ్లలోని సంగతిని చూడండి. ఆరుగురు బిడ్డల తల్లికి ఒక్కొక్క బిడ్డ మీద ప్రేమ ఆరవ వంతు కాదు. రాత్రి జ్వరముతో మూలుగుచున్న బిడ్డ ఒక్కటే అయినను, ఆమె ఆ ఒక్కదాని తల దగ్గరనే కూర్చుండును. విలువ అరుదుగా ఉండుటవలన వచ్చినదైతే సంఖ్య పెరిగిన కొలది తగ్గును. ప్రేమవలన వచ్చినదైతే సంఖ్యకు దానిని తగ్గించు శక్తి లేదు. అబ్రాహామును నక్షత్రములు లెక్కించుమన్నది అతనిని చిన్నబుచ్చుటకు కాదు గదా.

సహోదరులారా, ఇప్పుడు ఆ బిడ్డకు జవాబు చెప్పెదము.

అమ్మా, నీవడిగినది మంచి ప్రశ్న. మనకు కనబడు హద్దు ఒకటున్నది. అది మన చూపు హద్దు, గోడ కాదు. దానికి ఆవల ఇంకను ఉన్నదని నమ్ముటకు గట్టి కారణములున్నవి. అది అనంతమో కాదో ఎవరికిని తెలియదు. వేరే విశ్వములున్నవో లేవో ఎవరికిని తెలియదు. మాకును తెలియదు. తెలియదని చెప్పుట సిగ్గు కాదు, నీవు అడుగుట పాపము కాదు. నీవు చదివి, మాకు తెలియనిది తెలిసికొని వచ్చి మాకు చెప్పవలెను.

ఈ నాలుగు మాటలు ఆ రోజే చెప్పి ఉంటే చాలును. వానికి భౌతికశాస్త్రము పట్టా అక్కరలేదు.

చివరిగా సండే స్కూలు ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. కార్తిక మాసములో వానలు వెనుకబట్టి ఆకాశము తేటపడును. ఒక అమావాస్య ప్రక్క రాత్రి పిల్లలను ఊరి దీపములకు దూరముగా తీసికొనిపొండి. ఆండ్రోమెడా మసకచుక్కవలె ఉత్త కంటికే కనబడును. 25 లక్షల సంవత్సరములు నడిచి వచ్చిన వెలుతురు అదియని చెప్పండి. అప్పుడు వారు అడుగుదురు. ఎంత కష్టమైన ప్రశ్న అడిగినను ఎవరిని కూర్చోమనకండి.